పిల్లల నిద్ర లెక్క: చేతి బ్యాండు ఎంతవరకు సరిగ్గా చెబుతుంది?

పిల్లల మణికట్టుకు కట్టే బ్యాండు ఏదీ నిద్రను నేరుగా కొలవదు. అది కొలిచేది చేతి కదలికను. కాస్త ఖరీదైనదైతే చర్మం కింద నాడి ఎలా కొట్టుకుంటోందో కూడా చూస్తుంది. ఈ రెండింటి ఆధారంగా పిల్లవాడు ఆ నిమిషంలో నిద్రపోతున్నాడా, మేలుకొని ఉన్నాడా అని అందులోని సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. తెల్లవారాక తల్లిదండ్రుల ఫోనులో కనిపించే నిద్ర గంటలు, గాఢ నిద్ర నిమిషాలు, వందకు ఇన్ని అని వేసే స్కోరు, అన్నీ ఆ ఊహలను కూడగా వచ్చినవే. ఊహ అయినంత మాత్రాన అది తప్పు కానక్కరలేదు. చాలామంది పిల్లల విషయంలో మొత్తం నిద్ర సమయాన్ని ఈ పరికరాలు ఫర్వాలేదనిపించేంత దగ్గరగానే చెబుతాయి. చిక్కల్లా, పొరపాటు పిల్లలందరి దగ్గరా ఒకే మోతాదులో ఉండకపోవడం. ఏ బిడ్డ నిద్ర గురించి ఇంట్లో బెంగ పడుతున్నారో, ఎవరి కోసం ఆ బ్యాండు కొన్నారో, సరిగ్గా ఆ బిడ్డ దగ్గరే దాని లెక్క ఎక్కువగా దారి తప్పుతుంది. దీనికి కారణం ఏదో ఒక కంపెనీ నాసిరకపు తయారీ కాదు, కొలిచే పద్ధతిలోనే ఉంది.

నిద్రను కొలవడంలో వైద్యులు ప్రమాణంగా తీసుకునే పరీక్ష పాలిసోమ్నోగ్రఫీ. తల మీద మెదడు తరంగాలను పట్టే తీగలు, కళ్ల పక్కన కనుగుడ్ల కదలికను పట్టేవి, గడ్డం కింద కండరాల బిగువును చూసేవి, ఛాతీకీ పొట్టకూ ఊపిరిని గమనించే పట్టీలు, ముక్కు దగ్గర గాలి రాకపోకలను చూసే గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ఇవన్నీ పెట్టి రాత్రంతా రికార్డు చేస్తారు. ఆ రికార్డును 30 సెకన్ల ముక్కలుగా విడదీసి, శిక్షణ పొందిన టెక్నీషియన్ ఒక్కొక్క ముక్కనూ మెలకువ అనో, తేలిక నిద్ర అనో, గాఢ నిద్ర అనో, కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర అనో గుర్తిస్తారు. ఇందుకు 1968లో రెక్ట్‌షాఫెన్, కేల్స్ రూపొందించిన నియమాలు చాలాకాలం వాడుకలో ఉండగా, 2007లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కొత్త నియమావళిని తెచ్చింది. రెమ్ నిద్ర సంగతి లోకానికి తెలిసింది 1953లో, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ రాసిన పత్రంతో. దానికి ముందు అసెరిన్‌స్కీ తొలి రికార్డింగుల్లో కొన్నింటిని తన చిన్న కొడుకునే పడుకోబెట్టి తీశాడు.

ఈ ప్రమాణ పరీక్ష కూడా నూటికి నూరుపాళ్లు తిరుగులేనిది కాదు. ఒకే రికార్డును వేర్వేరు నిపుణులు చూసినప్పుడు నూటికి 82, 83 ముక్కల దగ్గర మాత్రమే వారి అభిప్రాయాలు కలుస్తున్నాయని పరిశోధనలు తేల్చాయి. తేలిక నిద్ర తొలిదశ దగ్గరైతే ఇంకా తక్కువ. పైగా కొత్త గదిలో, ఒంటినిండా తీగలతో పడుకున్న పిల్లవాడు ఇంట్లో పడుకున్నట్టు పడుకోడు. అందుకే బ్యాండును పరీక్షించేటప్పుడు ఇంటి రాత్రినీ ఆసుపత్రి రాత్రినీ పోల్చరు. అదే రాత్రి, అదే బిడ్డకు రెండూ కలిపి పెట్టి, ముక్కకు ముక్క సరిచూస్తారు.

కదలికను బట్టి నిద్రను అంచనా వేసే పద్ధతి స్మార్ట్ వాచీల కన్నా పాతది. యాక్టిగ్రఫీ అనే ఈ పద్ధతిని పరిశోధకులు దశాబ్దాలుగా వాడుతున్నారు. 1994లో అవీ సదే బృందం ప్రచురించిన సూత్రం పిల్లల నిద్ర పరిశోధనలో ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తుంది. ఒక నిమిషం నిద్రా, మెలకువా అని తేల్చడానికి అది ఆ నిమిషాన్ని ఒక్కదాన్నే చూడదు. దానికి ముందు అయిదు నిమిషాలు, తర్వాత అయిదు నిమిషాలు కలిపి మొత్తం 11 నిమిషాల కదలికను లెక్కలోకి తీసుకుంటుంది. చుట్టూ అంతా నిశ్చలంగా ఉండి మధ్యలో ఒక్కసారి చెయ్యి ఊపితే అది నిద్రలో పొర్లడం, కదలిక వరసగా ఉంటే మెలకువ అన్నది దీని వెనుక ఉన్న తర్కం. తర్కం సబబైనదే. కానీ అది ఆధారపడిన పునాది ఒక్కటే: కదలకుండా ఉన్నవాడు నిద్రపోతున్నట్టు లెక్క. కళ్లు తెరిచి, పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ, అమ్మ తిడుతుందని కదలకుండా పడుకున్న పిల్ల కూడా ఈ లెక్కలో నిద్రపోతున్నట్టే.

పరికరాల ప్రకటనల్లోనూ, వాటిని మెచ్చుకునే సమీక్షల్లోనూ తరచూ కనిపించే 90 శాతం కచ్చితత్వం అనే మాటను ఇక్కడ కొంచెం విప్పి చూడాలి. ఒక పిల్లవాడు 9 గంటలు పక్క మీద ఉన్నాడనుకుందాం. 30 సెకన్ల చొప్పున అది 1080 ముక్కలు. అందులో 8 గంటలు, అంటే 960 ముక్కలు, నిద్ర; తక్కిన గంట, అంటే 120 ముక్కలు, మెలకువ. సెన్సరే లేని ఒక డబ్బా బొమ్మను చేతికి కట్టి, అది ప్రతి ముక్కనూ గుడ్డిగా నిద్ర అనే చెప్పిందనుకున్నా 1080కి 960 ముక్కలు సరిపోతాయి. కచ్చితత్వం దాదాపు 89 శాతం వస్తుంది. రాత్రిలో ఎక్కువ భాగం నిద్రే కాబట్టి, నిద్ర అని చెబుతూ పోతే చాలు, మార్కులు వాటంతటవే పడతాయి. అందుచేత చూడవలసినవి రెండు వేర్వేరు అంకెలు. నిజంగా నిద్రలో ఉన్న ముక్కల్లో ఎన్నింటిని నిద్ర అని గుర్తించింది అన్నది మొదటిది. దీన్ని సెన్సిటివిటీ అంటారు. నిజంగా మెలకువగా ఉన్న ముక్కల్లో ఎన్నింటిని మెలకువ అని గుర్తించింది అన్నది రెండోది, ఇది స్పెసిఫిసిటీ. పిల్లల మీద జరిగిన పరీక్షల్లో మొదటిది సాధారణంగా 90 పైన ఉంటుంది. రెండోది మాత్రం తరచూ 50 చుట్టుపక్కలకు, కొన్నిసార్లు అంతకన్నా దిగువకు జారుతుంది.

ఈ రెండు అంకెలు కలిసి ఏం చేస్తాయో చూడటానికి మొదటిదాన్ని 95, రెండోదాన్ని 50 అనుకొని పై పిల్లవాడి రాత్రినే తీసుకోవచ్చు. 960 నిద్ర ముక్కల్లో 912 సరిగ్గా గుర్తించి, 48 ముక్కలను పొరపాటున మెలకువ అంటుంది. 120 మెలకువ ముక్కల్లో 60 మాత్రమే పట్టుకుంటుంది. మొత్తం మీద అది మెలకువ అని చెప్పేది 108 ముక్కలు, అంటే 54 నిమిషాలు. అసలు మెలకువ 60 నిమిషాలు కాబట్టి తల్లిదండ్రుల కంటికి ఇది అద్భుతమైన ఫలితం. తేడా ఆరు నిమిషాలే. కానీ ఆ 54 నిమిషాల్లో పిల్లవాడు నిజంగా మేలుకొని ఉన్నది 30 నిమిషాలే. మిగిలినవి వాడు నిద్రలో పొర్లిన క్షణాలు. రెండు తప్పులు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి కొట్టివేసుకోవడం వల్ల మొత్తం సరిపోయింది. ఏ వేళకు మెలకువ వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అని యాప్‌లోని గీతల పటం చూసి చెప్పబోతే దాదాపు సగం గీతలు అబద్ధమే.

ఇదే పరికరాన్ని మరో ఇద్దరికి కడదాం. ఒక పాప పక్క మీద గడిపిన 9 గంటల్లో 20 నిమిషాలే మేలుకొని ఉంది. అంటే నిద్ర 8 గంటల 40 నిమిషాలు. పై లెక్క ప్రకారం బ్యాండు ఆమెకు చూపేది 8 గంటల 24 నిమిషాలు, పావుగంట తక్కువ. ఇంకో బాబు రాత్రిలో 2 గంటలు మేలుకొనే ఉన్నాడు. నిద్ర 7 గంటలే. బ్యాండు అతనికి చూపేది 7 గంటల 39 నిమిషాలు. ఇద్దరి నిద్రకూ మధ్య అసలు తేడా 100 నిమిషాలు కాగా, ఫోనులో కనిపించే తేడా 45 నిమిషాలు. బాగా నిద్రపోయేవారిని కాస్త కిందికి, నిద్ర పట్టనివారిని బాగా పైకి లాగి, అందరినీ నడిమిశ్రేణిలో కూర్చోబెట్టడం ఈ పద్ధతి స్వభావం. నిద్ర పట్టని పిల్లవాడికి కనీసపు నిద్ర దక్కుతోందన్న తప్పుడు ధైర్యం తల్లిదండ్రులకు కలిగేది ఇలాగే.

నిజమైన పరీక్షల్లో అంకెలు ఇంత నున్నగా రావు. 2015లో లీసా మెల్ట్‌జర్ బృందం స్లీప్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చూడదగ్గది. 3 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 63 మందికి ఒకే రాత్రి పాలిసోమ్నోగ్రఫీతో పాటు అప్పటి ఫిట్‌బిట్ అల్ట్రా అనే పరికరాన్నీ పెట్టారు. ఆ పరికరంలో సాధారణ పద్ధతి, సున్నిత పద్ధతి అని రెండు అమరికలు ఉండేవి. కొన్నవారు తమకు నచ్చినది ఎంచుకోవచ్చు. సాధారణ పద్ధతిలో అది మొత్తం నిద్రను సగటున 41 నిమిషాలు ఎక్కువగా చూపింది. సున్నిత పద్ధతికి మారిస్తే అదే పిల్లల అదే రాత్రి నిద్ర సగటున 105 నిమిషాలు తక్కువగా తేలింది. ఒక్క సెట్టింగు మార్చగానే రెండున్నర గంటలకు దగ్గరగా నిద్ర మాయమైందన్నమాట. ఎంత కదిలితే మెలకువగా లెక్కించాలి, ఆ గీటు ఎక్కడ గీయాలి అన్న ప్రశ్నకు జవాబు రెండు వైపులా తప్పడాన్ని ఇంతకన్నా సూటిగా చూపిన ఉదాహరణ అరుదు. గీటు పైకి జరిపితే నిశ్చలమైన మెలకువ నిద్రలో కలిసిపోతుంది; కిందికి జరిపితే పిల్లలు నిద్రలో వేసే ప్రతి దొర్లూ మెలకువ అయిపోతుంది.

అన్ని పరికరాలూ సగటున ఇంతగా తప్పవు. కౌమార వయసువారి మీద మాసిమిలియానో డి జాంబొట్టి బృందం జరిపిన పరీక్షల్లో జాబోన్ అప్ అనే చేతి బ్యాండు మొత్తం నిద్రను సగటున 10 నిమిషాల మేర మాత్రమే ఎక్కువగా చూపింది. అయితే సగటు అన్న మాట దగ్గర మళ్లీ ఆగాలి. ఒకరికి 60 నిమిషాలు ఎక్కువ, మరొకరికి 40 నిమిషాలు తక్కువ చూపినా సగటు తేడా 10 నిమిషాలే. వంద మంది పిల్లలను పోల్చే పరిశోధకుడికి ఆ సగటు పనికొస్తుంది. ఒక్క బిడ్డ, ఒక్క రాత్రి గురించి తెలుసుకోగోరే తండ్రికి కావలసింది ఆ తేడాల విస్తృతి. ప్రచురితమైన పత్రాల్లో ఆ విస్తృతి ఉంటుంది, ప్రకటనల్లో ఉండదు.

పెద్దల కోసం తయారైన లెక్క పిల్లలకు అతకకపోవడానికి శరీర కారణాలు కూడా ఉన్నాయి. పిల్లలు నిద్రలో పెద్దలకన్నా ఎక్కువ కదులుతారు. తల ఒక దిక్కున పెట్టి పడుకున్నవాడు తెల్లారేసరికి మరో దిక్కున తేలడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. వారి గుండె వేగం ఎక్కువ, ఊపిరితో పాటు ఆ వేగం హెచ్చుతగ్గులయ్యే తీరు కూడా ఎక్కువ. నాడి లయను చూసి నిద్ర దశను పోల్చే సాఫ్ట్‌వేర్‌కు ఆ హెచ్చుతగ్గులే ముడిసరుకు కాబట్టి, పెద్దల లయ మీద శిక్షణ పొందినది పిల్లల దగ్గర తడబడటం సహజం. వీటికి తోడు సన్నని మణికట్టు. బ్యాండు చివరి రంధ్రం దాకా బిగించినా వదులుగానే ఉండి, నాడిని చూడటానికి అది లోపలి నుంచి వేసే ఆకుపచ్చ కాంతి చర్మానికి ఆనకుండా పక్కకు చిమ్ముతుంది; అప్పుడు నాడి సంకేతంలో సగం రొదే. ముదురు రంగు చర్మంలోని మెలనిన్ ఈ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుందన్నది కూడా తెలిసిందే కాబట్టి, తెల్లచర్మం వారి మీదే ఎక్కువగా జరిగిన పరీక్షల ఫలితాన్ని మన పిల్లలకు ఉన్నదున్నట్టు అన్వయించుకోవడం సరి కాదు.

పసిపిల్లల దగ్గర కదలిక లెక్క మరింత బలహీనపడుతుంది. పుట్టిన కొత్తలో శిశువు నిద్రలో దాదాపు సగం చురుకైన నిద్రే; ముఖం చిట్లించడం, నవ్వడం, కాళ్లూ చేతులూ విదిలించడం అన్నీ నిద్రలోనే జరుగుతాయి. పెద్దవారు నిద్రలోకి జారాక గంటన్నరకు గానీ రెమ్ దశ రాదు; శిశువు నేరుగా ఆ దశతోనే నిద్ర మొదలుపెట్టగలదు. దీనికి బయటి కదలికలు తోడవుతాయి. చీర ఉయ్యాలలో ఊగుతున్న బిడ్డ కాలికి కట్టిన సెన్సర్‌కు ఊపు ఉయ్యాలదో, బిడ్డదో తెలియదు. గాఢంగా నిద్రపోతున్నా మెలకువ అని రాసుకునే అవకాశం ఎక్కువ. పరిశోధకులు ఇందుకే తల్లుల చేత బిడ్డను ఎప్పుడు ఊయలలో వేశారు, ఎప్పుడు భుజాన వేసుకున్నారు అని రాయించి, ఆ సమయాలను లెక్కలోంచి తీసివేస్తారు. ఇంటి యాప్ ఆ పని చేయదు. ఒకే మంచం మీదో, ఒకే పరుపు మీదో అమ్మానాన్నల మధ్య పడుకునే పిల్లల విషయంలోనూ, పరుపు కింద పెట్టే సెన్సర్లయితే ముఖ్యంగా, ఎవరి కదలిక ఎవరి ఖాతాలో పడిందో చెప్పడం కష్టం.

నిద్ర దశల పటం సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు, ఎందుకంటే దాన్ని నమ్మడానికి ఆధారాలు తక్కువ. గాఢ నిద్ర అన్నది మెదడు తరంగాలను బట్టి నిర్వచించిన దశ. మణికట్టు దగ్గర మెదడు తరంగాలు ఉండవు. నాడి, కదలిక కలిపి దగ్గరి ఊహ చేయవచ్చు గానీ, నిద్ర, మెలకువల తేడాను పట్టడంలోనే తడబడే పరికరం నిద్రలోని దశలను వేరుచేస్తుందనుకోవడం అత్యాశ. నిన్న 95 నిమిషాలున్న గాఢ నిద్ర ఇవాళ 60కి తగ్గిందని ఆందోళన పడే తల్లిదండ్రులు చూస్తున్నది చాలావరకు పరికరపు ఊగిసలాటను.

ఇంతకన్నా తీవ్రమైన ఇబ్బంది నిద్రలో శ్వాస ఆగే సమస్య దగ్గర వస్తుంది. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగిన పిల్లలకు రాత్రిపూట ఊపిరి దారి మూసుకుపోవడం సాధారణంగా కనిపించే జబ్బు. పెద్దల్లో గంటకు అయిదుసార్ల దాకా అలా జరగడాన్ని మామూలుగానే పరిగణిస్తుండగా, పిల్లల్లో గంటకు ఒక్కసారి దాటినా వైద్యులు పట్టించుకుంటారు. ఊపిరి అందనప్పుడు మెదడు మూడు, నాలుగు సెకన్ల పాటు మేలుకొని మళ్లీ నిద్రలోకి జారుతుంది. చెయ్యి కదలనే కదలకపోవచ్చు. ఫోనులో 9 గంటల నిద్ర కనిపిస్తుంది, పిల్లవాడు బడిలో కూర్చుని తూగుతాడు, లేదా అల్లరి మితిమీరుతుంది. ఆక్సిజన్ చూస్తామని చెప్పే శిశు పరికరాలు దీనికి మందు అనుకోవడానికి లేదు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో 30 మంది శిశువుల మీద రెండు రకాల ఇంటి పరికరాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించినప్పుడు, వాటిలో బేబీ వీడా అనేది ఆక్సిజన్ తగ్గిన సందర్భాల్లో ఒక్కదాన్నీ పట్టలేకపోయింది. రెండోదైన ఔలెట్ స్మార్ట్ సాక్ చాలావాటిని పట్టినా అన్నింటినీ పట్టలేదు. ఔలెట్‌కు 2021లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక లేఖ పంపగా అక్కడ అమ్మకం ఆగింది. పరీక్షలు దాటాక 2023 చివర్లో ఆ కంపెనీ కొత్త పరికరానికి అనుమతి దొరికింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాత్రం శిశువుల ఆకస్మిక మరణాలను నివారించే సాధనంగా ఇలాంటి ఇంటి మానిటర్లను వాడమని సిఫారసు చేయడం లేదు.

మరో చిక్కు కాలానికి సంబంధించినది. ఒక పరికరాన్ని పిల్లల మీద పరీక్షించి, లెక్కలు తేల్చి, పత్రం అచ్చయ్యేసరికి ఆ మోడల్ మార్కెట్లో ఉండదు. ఫిట్‌బిట్ అల్ట్రా 2011 నాటిది. దాని ఫలితాలు 2015లో వచ్చాయి. జాబోన్ కంపెనీయే 2017లో మూతపడింది. ఉన్న పరికరంలో కూడా సాఫ్ట్‌వేర్ రాత్రికి రాత్రి మారుతుంది, లోపలి సూత్రం వ్యాపార రహస్యం కనుక ఏం మారిందో బయటికి చెప్పరు. గత నెల కన్నా ఈ నెల నిద్ర 20 నిమిషాలు తగ్గితే, తగ్గింది పిల్లవాడి నిద్రా, మారింది అప్‌డేటా అన్నది ఇంట్లో తేల్చుకోలేని విషయం.

ఇవన్నీ చెప్పాక కూడా ఈ పరికరాలకు ఒక పని మిగిలే ఉంది, అది చిన్న పనేమీ కాదు. పిల్లవాడు ఏ వేళకు పడుకుంటున్నాడు, ఏ వేళకు లేస్తున్నాడు, సెలవు రోజుల్లో ఆ వేళలు ఎంత జరుగుతున్నాయి అన్నవి బ్యాండు బాగానే పట్టుకుంటుంది, ఎందుకంటే నడవడం, ఆడటం నుంచి పడుకోవడానికి మారే కదలికలోని తేడా పెద్దది. తల్లిదండ్రుల మాట మీద ఆధారపడితే ఇంకో రకం తప్పు వస్తుంది: తలుపు మూసిన వేళనే నిద్రపట్టిన వేళగా, పిల్లవాడు లేచి పిలవకపోతే మెలకువే రానట్టుగా వారు చెబుతారు. 2018లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ పిల్లల నిద్రలేమి, నిద్ర వేళలు తప్పిన సమస్యల్లో వైద్య ప్రమాణాల యాక్టిగ్రఫీని వాడవచ్చని సూచించింది. వినియోగదారుల మార్కెట్లోని పరికరాలు మాత్రం వైద్య నిర్ధారణకు చాలవని అదే ఏడాది వేరుగా చెప్పింది. కౌమార వయసులో ఒక జాగ్రత్త అవసరం. పక్క మీద వెల్లకిలా పడుకొని, ఫోనును కదలకుండా పట్టుకొని వీడియోలు చూసే కుర్రవాడి మణికట్టు నిశ్చలంగా ఉంటుంది. అర్ధరాత్రి దాకా సాగిన ఆ చూపును బ్యాండు నిద్రగానే జమ చేసే ప్రమాదం ఉంది.

వయసుకు తగిన నిద్ర ఎంత అన్న పట్టికతో బ్యాండు అంకెను పోల్చేటప్పుడు కూడా ఒక సంగతి గమనించాలి. 3 నుంచి 5 ఏళ్ల వారికి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు అని 2016లో అదే అకాడమీ చెప్పిన లెక్క 24 గంటలకు సంబంధించినది, చిన్నపిల్లల పగటి కునుకు కూడా అందులో కలిసే ఉంది. మధ్యాహ్నం ముప్పావు గంట కునుకును చాలా పరికరాలు నిద్రగా నమోదు చేయకపోవచ్చు. అలాంటప్పుడు నాలుగేళ్ల పాపకు 9 గంటల 20 నిమిషాలే చూపి, నిద్ర చాలడం లేదని యాప్ ఎర్రగుర్తు పెడుతుంది.

పిల్లల నిద్ర గురించి డాక్టరు దగ్గరికి వెళ్లేవారు యాప్‌లోని దశల పటాలను చూపడం కన్నా, రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి కునుకు, రాత్రి పిల్లవాడు లేచిన సందర్భాలు ఒక కాగితం మీద రాసి, బ్యాండు చూపిన వేళలను దాని పక్కన పెట్టి తీసుకెళితే ఆ రెండూ ఒకదాన్నొకటి సరిదిద్దుతాయి. గురక ఉన్న పిల్లలైతే నోరు తెరిచి నిద్రపోతున్నప్పుడు ఛాతీ, ముఖం కనిపించేలా రెండు నిమిషాల వీడియో తీసుకెళ్లడం ఉత్తమం. ఛాతీ లోపలికి గుంజుకుపోవడం, ఊపిరి ఆగి ఒక్కసారిగా ఎగపీల్చడం అందులో కనిపిస్తే, యాప్‌లో ఆ రాత్రికి ఎంత మంచి స్కోరు పడినా పాలిసోమ్నోగ్రఫీ చేయించాలా, చెవి ముక్కు గొంతు నిపుణులకు చూపాలా అన్నది డాక్టరు ఆ వీడియోను బట్టే ఆలోచిస్తారు.